నడిచి వెళ్ళే సముద్రం

స్కూబా నేర్చుకున్నవాళ్ళలో ఎక్కువమందికి సముద్రంతో పరిచయం పడవ మీద నుంచే. పొద్దున్నే జెట్టీ దగ్గరికి చేరాలి. పడవ ఎక్కడ ఆగితే అక్కడ దూకాలి. గైడ్ చూపించిన చేపను చూసి, అతను బొటనవేలు పైకెత్తగానే పైకి వచ్చేయాలి. చేపలు కనిపిస్తాయి, ఫొటోలు వస్తాయి, తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. కానీ నీళ్ళలో గడిపిన ఆ సమయం మనది కాదు. పదిమందికి కలిపి ఎవరో పంచి ఇచ్చిన సమయం. ఒక చేప దగ్గర ఇంకాసేపు ఉండాలని ప్రాణం లాగుతున్నా, అవతల తొమ్మిదిమంది ముందుకు వెళ్ళిపోతుంటే ఉండలేం.

బొనైర్ దీవిలో ఆ ఇబ్బంది లేదు. వెనిజులా తీరానికి ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, కరీబియన్ సముద్రం దక్షిణపు అంచున ఉంటుందది. విస్తీర్ణం 288 చదరపు కిలోమీటర్లు. 2010 అక్టోబర్ 10 నుంచి నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ. అయినా అక్కడ చెల్లే డబ్బు అమెరికన్ డాలరే. పడమటి ఒడ్డున రోడ్డు పక్కన అక్కడక్కడా పసుపు రంగు పూసిన రాళ్ళుంటాయి. ఒక్కో రాయి మీద ఒక్కో పేరు. కారాపి, సామాను తగిలించుకుని, నీళ్ళలోకి నడిచి వెళ్ళడమే. ఎన్నింటికి దిగాలి, ఎంతసేపు ఉండాలి, ఎటు తిరగాలి అన్నది మనిష్టం. ఒడ్డు నుంచి దిగగలిగిన చోట్లే అక్కడ అరవైకి పైగా ఉన్నాయి.

ఇది ఊరికే వచ్చిన భాగ్యం కాదు. ఏడాదిలో చాలా భాగం అక్కడ గాలి తూర్పు నుంచే వీస్తుంది. తూర్పు తీరాన కెరటాలు రాళ్ళను బాదుతుంటే, పడమటి తీరం దీవి చాటున నిమ్మళంగా ఉంటుంది. వానలు తక్కువ, నదులు లేవు. మట్టి కొట్టుకొచ్చి నీళ్ళు మురికిపట్టే వీల్లేదు కాబట్టి చాలా రోజుల్లో 30 మీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. పగడపు దిబ్బ కూడా ఒడ్డును అంటుకునే ఉంటుంది. కొంతదూరం ఇసుక నేల మీదుగా ఈదితే, పది మీటర్ల లోతు దగ్గర నేల ఒక్కసారి ఏటవాలుగా కిందికి దిగిపోతుంది. అక్కడి నుంచి పగడాలే పగడాలు. తుఫాన్లు సాధారణంగా ఇంకా ఉత్తరంగా వెళ్ళిపోతాయి. 1999లో లెన్నీ అనే తుఫాను మాత్రం పడమర నుంచి తూర్పుకు, అంటే మామూలుగా తుఫాన్లు వచ్చే దిక్కుకు ఎదురుగా కదిలి, ఆ నిమ్మళమైన తీరాన్నే కొట్టింది. లోతు తక్కువ చోట్ల పగడాలు చాలా విరిగాయి. గాలి తిరగబడటం అరుదే గానీ, తిరగబడిన రోజున పడమటి ఒడ్డున ఎక్కడా దిగలేం. అందుకే తేదీలు వేసుకునేటప్పుడు ఒకటి రెండు రోజులు ఖాళీగా వదలమని చెబుతాను.

ఆ ఖాళీ రోజుల గురించే మా బావమరిదికీ నాకూ వాదన జరిగింది. అతను హ్యూస్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ పనికైనా ముందు ఎక్సెల్ షీటు తెరిచే మనిషి. బొనైర్ వెళ్దామనుకున్న వారానికే సైట్ల పేర్లన్నీ వరసగా పెట్టి పంపాడు.

"బావా, అరవై పైన ఉన్నాయి. రోజుకు ఐదు చొప్పున చేస్తే వారంలో సగం అయిపోతాయి. సిలిండర్లు ఎన్నైనా వాడుకోవచ్చట, ప్యాకేజీలోనే ఉంది."

"రోజుకు రెండు చాలురా. అందులో ఒకటి మన బస ముందే."

"అంత దూరం వెళ్ళి ఒకే చోట దిగడమేంటి బావా?"

అతని ప్రశ్నలో అన్యాయమేం లేదు. డబ్బు పెట్టి వెళ్తున్నాం, మళ్ళీ ఎప్పుడు వెళ్తామో తెలియదు. 'ఎన్నైనా వాడుకోండి' అన్న మాట ఎవరికైనా ఆశ పుట్టిస్తుంది. కానీ నా నమ్మకం వేరు. పడవ తొందరపెట్టదని కదా ఈ దీవిని ఎంచుకున్నాం. ఆ తొందరను మనమే ఎక్సెల్ షీటులో పెట్టి వెంట తీసుకెళ్తే ఇంక ఒడ్డు నుంచి దిగడం దేనికి? బొనైర్ ప్రయాణానికి చేసుకోవలసిన ఏర్పాట్లన్నీ నా దృష్టిలో ఒక్క పని కోసమే: అక్కడున్నన్నాళ్ళూ మనల్ని ఏదీ తొందరపెట్టకూడదు.

ముందు కాగితాల సంగతి. షెంగెన్ వీసా వేరు, డచ్ కరీబియన్ దీవుల వీసా వేరు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు లాంటివి ఉన్నవాళ్ళకు మినహాయింపులున్నాయి. అవి మనకు వర్తిస్తాయో లేదో డచ్ ప్రభుత్వ నిబంధనల్లో చూసుకున్నాకే టికెట్ కొనాలి. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే ఈ దీవికి బయల్దేరవద్దు. కెనడా, మెక్సికోలకు ముప్పై రోజుల లోపు వెళ్ళి రావడానికి ఉన్న వెసులుబాటు హెచ్-1బి వాళ్ళకు కరీబియన్ దీవుల విషయంలో లేదు. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కనివ్వరు. దీవిలో అడుగుపెట్టే పర్యాటకులు 75 డాలర్ల ప్రవేశ పన్ను కట్టాలి, ఇది 2022 నుంచి ఉంది. సముద్రంలో దిగాలంటే మెరైన్ పార్కుకు ఏడాది రుసుము 40 డాలర్లు. ఈ రెండూ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కట్టేయవచ్చు.

అట్లాంటా, హ్యూస్టన్, మయామిల నుంచి నేరుగా విమానాలున్నాయి. యూరప్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా రావచ్చు. పక్కనున్న కురసావ్‌లో దిగి చిన్న విమానం ఎక్కితే సామాను బరువు దగ్గర పేచీ వస్తుంది, డైవింగ్ సామాను తేలికైంది కాదు. బస విషయంలో నా ఓటు వంటగది ఉన్న అపార్ట్‌మెంటుకే. దీవిలో సరుకులు చాలావరకు బయటి నుంచి వచ్చేవే కాబట్టి హోటల్ భోజనం ఖరీదు. శాకాహారులకు అక్కడి మెనూల్లో దొరికేదీ తక్కువే. బియ్యం, పప్పు, కూరగాయలు దుకాణాల్లో దొరుకుతాయి. ఇండియా నుంచి రైస్ కుక్కర్ తీసుకెళ్ళకండి. అక్కడి కరెంటు 127 వోల్టులు, మన 230 వోల్టుల కుక్కర్ సరిగా వేడెక్కదు. కుళాయి నీళ్ళు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినవి, భయం లేకుండా తాగవచ్చు. దుకాణంలో అడుగుపెట్టగానే "బోన్ దియా" అని పలకరించడం అక్కడి మర్యాద. పలకరించకుండా సరుకు అడిగితే ముఖం ముడుచుకుంటారు, అది న్యాయమే.

బండి విషయానికొస్తే, అందరూ పికప్ ట్రక్ తీసుకుంటారు. వెనక సిలిండర్లు నిలబెట్టుకోవడానికి వీలు, ఉప్పునీళ్ళు కారినా ఇబ్బంది లేదు. అయితే మనం నీళ్ళలో ఉన్న గంటసేపూ ఆ ట్రక్ నిర్మానుష్యమైన ఒడ్డున ఒంటరిగా ఉంటుంది. అలాంటి బండ్లలో దొంగతనాలు జరుగుతుంటాయి. ఫోను, పర్సు, పాస్‌పోర్టు, మంచి చెప్పులు, ఏదీ బండిలో వదలకూడదు. అద్దాలు దించి, తలుపులకు తాళం వేయకుండా వెళ్ళమని అక్కడివాళ్ళే చెబుతారు. తాళం వేస్తే లోపలేదో ఉందనుకుని అద్దం పగలగొడతారు. తాగడానికి నీళ్ళ సీసా, తుడుచుకోవడానికి పాత తువ్వాలు, అంతే. పోతుందన్న దిగులు మనసులో ఉంటే నీళ్ళలో చేప కనబడదు.

చేరిన మొదటి రోజే డైవ్ షాపులో ఒక పరిచయ పాఠం వింటాం. ఆ తర్వాత బస ముందే ఒక పరీక్ష డైవ్. మెరైన్ పార్కు పెట్టిన ఈ నిబంధనను కొందరు సమయం వృథా అనుకుంటారు. నేను గట్టిగా సమర్థిస్తాను. దీవి చుట్టూ ఉన్న సముద్రం, ఒడ్డు నుంచి 60 మీటర్ల లోతు దాకా, 1979 నుంచి రక్షిత ప్రాంతం. ఈటెలతో చేపలు వేటాడటాన్ని 1971లోనే నిషేధించారు. లంగరు వేయకూడదు, చేతి తొడుగులు వేసుకోకూడదు. తొడుగుంటే మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు, లేకపోతే చెయ్యి ముడుచుకుంటాడు. పగడానికి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లను 2021 నుంచి అమ్మనివ్వడం లేదు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే క్రీముతో పనే ఉండదు. 1962లో తెరచాప ఓడలో వచ్చి అక్కడే స్థిరపడ్డ డాన్ స్టివార్ట్ అనే అమెరికన్, లంగర్లు పగడాలను చితక్కొట్టకుండా పడవలు కట్టుకునే శాశ్వతపు బోయాల కోసం దశాబ్దాల పాటు పాటుపడ్డాడు. 2014లో చనిపోయాడు. దీవిలో అందరూ ఆయన్ని కెప్టెన్ డాన్ అనే పిలిచారు. ఈ దీవి సముద్రం ఇవాళ ఇలా ఉందంటే, డబ్బులొచ్చే పనులను కొంతమంది పట్టుబట్టి మాన్పించారు కాబట్టే.

ఇక నీళ్ళలోకి దిగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒడ్డు డైవింగ్‌లో దెబ్బలు తగిలేది లోతులో కాదు, మోకాళ్ళ లోతులో. ఒడ్డు చాలాచోట్ల ఇసుక కాదు. రంపపు పళ్ళలా లేచిన సున్నపురాయి, దాని మీద నాచు, నాచు కింద గుంటలు. సిలిండరూ బరువులూ కలిపి వీపున పాతిక కిలోల దాకా ఉంటుంది. అడుగు దళసరిగా ఉన్న బూట్లు లేకుండా ఆ రాళ్ళ మీద నడవలేం. సామాను తగిలించుకోకముందే ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు నీళ్ళను చూడాలి. అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. ఆ తెరిపిలో దిగాలి. తేలడానికి వేసుకునే జాకెట్ బి.సి.డి.లో గాలి నింపుకుని, ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, పాదాలకు తొడిగే ఫిన్స్ చేత్తో పట్టుకుని, పాదం ఎత్తకుండా జరుపుతూ నడుము లోతు దాకా వెళ్ళి, తేలాక మనతో దిగిన జోడీ భుజం పట్టుకుని ఫిన్స్ తొడుక్కోవాలి. రాళ్ళ సందుల్లో ముళ్ళతో కాచుకున్న సముద్రపు అర్చిన్లుంటాయి, తూలినా సరే చెయ్యి కింద ఆనించకూడదు. తూలితే కూర్చోవడమే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

దిబ్బ అంచుకు చేరాక చాలామంది నేరుగా కిందికి చూస్తారు. నేను ముందు వెనక్కి చూడమంటాను. పసుపు రాయి, ట్రక్, దాని పక్కన చెట్టో గోడో, బోయా తాడు కింద ఇసుకలో దిమ్మె, అంచున ఏదైనా వింత ఆకారపు పగడం, వీటిని మనసులో గుర్తుపెట్టుకోవాలి. వెళ్ళేటప్పుడు చూసిన దిబ్బ వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటుంది. గైడ్ లేడు కాబట్టి దారి మన బాధ్యత. కెరటాల కింద నీటి ప్రవాహం ఎటుందో చూసి, ముందు దానికి ఎదురు వెళ్ళాలి. అలసిపోయాక అదే మనల్ని ఇంటివైపు తెస్తుంది. సిలిండర్‌లోని గాలిలో మూడింట ఒక వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి. రెండో వంతు రావడానికి. మూడోది మనకోసం కాదు, పక్కనున్న జోడీకి ఏమైనా అయితే వాడటానికి. అందులో చెయ్యి పెట్టి ఇంకో పది నిమిషాలు చేపలు చూసినవాళ్ళతో నేను మళ్ళీ దిగను.

ఇదంతా చదివాక ఒక ప్రశ్న వేసుకోవాలి: నాకు నిజంగా డైవింగ్ వచ్చా? విశాఖ రుషికొండలోనో, అండమాన్‌లోనో, గోవాలోనో శిక్షకుడు వెనక నుంచి పట్టుకుని చేయించిన డైవ్ మంచి అనుభవమే, కానీ అది సర్టిఫికెట్ కాదు. దానితో ఒడ్డు నుంచి సొంతంగా దిగడం ప్రమాదం. కోర్సు పూర్తి చేసి, నీళ్ళలో కదలకుండా ఒకే ఎత్తున తేలడం బాగా సాధన చేశాకే ఈ ప్రయాణం పెట్టుకోండి. బాగా తేలలేని మనిషి ఫిన్ దెబ్బకు విరిగే పగడం కొమ్మ మళ్ళీ అంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

మా వాదన సంగతి చెప్పనే లేదు. బస ముందున్న దిబ్బకే రోజూ ఒకసారి దిగాలని బావమరిదిని ఒప్పించాను. మొదట్లో అతనికి అక్కడ 'మామూలు చేపలే' కనిపించాయి. వారం సగానికొచ్చేసరికి అతనే నన్ను ఆపాడు. పసుపుపచ్చటి స్పాంజ్ ఒకటి రోజూ మా దారిలోనే ఉండేది. ఆ స్పాంజ్‌కు ఆ రోజు అతనికొక కన్ను కనిపించింది. ఫ్రాగ్‌ఫిష్. పిడికిలంత ఉంటుంది, స్పాంజ్ రంగే దాని రంగు, ఒంటి మీద బుడిపెలు కూడా స్పాంజ్‌వే. ఈదే చేపల్లా ఉండదు. రెండు రెక్కలను పాదాల్లా ఆనించి కూర్చుంటుంది. నుదుటి మీద సన్నటి పుల్ల, పుల్ల చివర చిన్న కండ. ఆ పుల్లను ముందుకు వంచి, కండను పురుగులా ఆడించి, దగ్గరికొచ్చిన చేపను మింగేస్తుంది. మేం చూస్తుండగా పుల్ల రెండుసార్లు ఆడింది, ఏదీ రాలేదు, మళ్ళీ మడిచేసుకుంది. దాని ముందు ఎంతసేపు ఉన్నామో నాకు గుర్తులేదు. తర్వాత రోజు దిగేటప్పుడు బావమరిది అడగకుండానే అటే ఈదాడు. మన వీధిలో ఎవరింట్లో ఎవరున్నారో తెలిసినట్టు, ఏ సందులో ఏ రొయ్య ఉంటుందో, ఏ మూల చేపలు ఒళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వరస కడతాయో తెలియడం మొదలైంది. అరవై చోట్లు ఒక్కోసారి చూసినవాడికి ఆ తెలివిడి రాదు. ఎక్సెల్ షీటు ఏమైందో నేను అడగలేదు.

రామచిలక ముక్కులాంటి నోరున్న ప్యారట్‌ఫిష్ పగడం మీది నాచును గీరుతున్న చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినిపిస్తుంది, కరకరమని. మింగిన సున్నపు పొడిని అది ఇసుకగా విసర్జిస్తుంది. మనం నడిచి వచ్చిన ఇసుకలో కొంత భాగం దాని చలవే. నాచును అదుపులో పెట్టే ఆ చేపను పట్టకూడదని 2010లో అక్కడ చట్టం చేశారు. ఆ కరకర లాంటివి ఒక్కచోట నిలబడితేనే చెవిన పడతాయి.

బయటి సైట్లకు వెళ్ళవద్దని కాదు. దక్షిణాన హిల్మా హుకర్ అనే 72 మీటర్ల సరుకు ఓడ 30 మీటర్ల లోతులో పక్కకు ఒరిగి పడుకుని ఉంది. చెడిపోయి రేవుకు వస్తే సోదా చేశారు. దొంగ గోడ వెనక పదకొండు వేల కిలోల దాకా గంజాయి బయటపడింది. యజమానులెవరూ ముందుకు రాలేదు. నీళ్ళు కారుతూ కారుతూ 1984 సెప్టెంబర్ 12న మునిగింది. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ గాలీ సమయమూ తొందరగా అయిపోతాయి. రోజులో మొదటి డైవ్‌గానే పెట్టుకోవాలి. ఉప్పు ఎగుమతి చేసే సాల్ట్ పియర్ కింద స్తంభాల నిండా స్పాంజ్‌లు, వాటి మధ్య చేపల గుంపులు. ఓడ కట్టి ఉన్నప్పుడు దిగనివ్వరు. ఉత్తరాన 'థౌజండ్ స్టెప్స్' దగ్గర ఉన్నవి డెబ్బై లోపు మెట్లే. డైవ్ అయ్యాక సిలిండర్ మోసుకుని ఎక్కేటప్పుడు మాత్రం ఆయాసపడకుండా, ఆగి ఆగి ఎక్కాలి. డైవ్‌లో చేరిన నత్రజని ఇంకా ఒంట్లో ఉన్నప్పుడు అంత శ్రమ మంచిది కాదు.

దక్షిణపు కొసన 'వైట్ స్లేవ్', 'రెడ్ స్లేవ్' అనే రెండు డైవ్ సైట్లున్నాయి. వాటి ఒడ్డున రాతితో కట్టిన చిన్న గదులు వరసగా ఉంటాయి. 1850లో ఉప్పు మడుల్లో పనిచేసే బానిసల కోసం డచ్ ప్రభుత్వం కట్టించినవి. గుమ్మం నడుము ఎత్తు. వంగి, దాదాపు పాకుతూ లోపలికి వెళ్ళాలి. ఇద్దరు పడుకుంటే నిండిపోతుంది. ఎండలో, ఉప్పు తెల్లదనంలో కళ్ళు దెబ్బతినేలా వారమంతా పనిచేసి రాత్రి అందులో నిద్రపోయేవారు. వారాంతంలో ఉత్తరాన రింకోన్ ఊళ్ళో ఉన్న భార్యాబిడ్డల దగ్గరికి గంటల తరబడి నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి వచ్చేవారు. 1863 జూలై 1న డచ్ వలసల్లో బానిసత్వం రద్దయ్యేదాకా ఇదే వాళ్ళ బతుకు. ఈ గదుల నీడలో కూర్చుని శాండ్‌విచ్‌లు తినేవాళ్ళను, తడిసిన వెట్‌సూట్‌లను వాటి గోడల మీద ఆరేసేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఏ తొందరా లేని నడక కోసం మనం వెళ్ళిన ఆ ఒడ్డునే, నడక తప్ప గతి లేనివాళ్ళు బతికారు. డైవ్ అయ్యాక బట్టలు మార్చుకుని, ఒక గుమ్మంలో వంగి లోపలికి చూసి రండి. పిల్లలుంటే వాళ్ళకు చూపించండి.

రాత్రి డైవ్ ఒక్కటైనా చేయాలి, అదీ తెలిసిన చోటే, అంటే బస ముందే. మనిషంత పొడవున్న టార్పన్ చేపలు వెండి పలకల్లా మెరుస్తూ మన పక్కనే వస్తాయి. అవి మనతో స్నేహానికి రావు. మన టార్చి వెలుగు ఏ చేప మీద పడితే దాన్ని మింగడానికి వస్తాయి. కాబట్టి నిద్రపోతున్న చేపల మీద టార్చి నిలపకూడదు. బహుళ విదియకూ పంచమికీ మధ్య అక్కడ ఉండేలా తేదీలు కుదిరితే ఇంకా మంచిది. పున్నమి దాటిన ఆ రోజుల్లో పొద్దుగూకాక చంద్రుడు ఆలస్యంగా వస్తాడు. సూర్యాస్తమయమైన ముప్పావు గంటకు, ఆ చీకటి వేళలో, ఆస్ట్రకాడ్‌లనే ఇసుక రేణువంత జీవుల్లో మగవి ఆడవాటిని పిలవడానికి నీలి వెలుగు చుక్కలు వదులుతాయి. టార్చి ఆర్పేసి కదలకుండా ఉంటే చుట్టూ నీలి చుక్కల దండలు కిందనుంచి పైకి లేస్తాయి. ఎంత మంచి కెమెరా ఉన్నా దాన్ని పట్టడం కష్టం. కెమెరా ఒడ్డునే వదిలేయడం నయం.

ఈ సముద్రానికి జబ్బు కూడా చేసిందని చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. 2014లో ఫ్లోరిడాలో మొదలై కరీబియన్ అంతటా పాకిన ఒక పగడపు వ్యాధి 2023లో బొనైర్‌కు చేరింది. మెదడు ఆకారపు పెద్ద పగడాలు, స్తంభాల్లా లేచే పగడాలు వారాల్లో తెల్లబడి చచ్చిపోతాయి. వందల ఏళ్ళుగా పెరిగినవీ వాటిలో ఉన్నాయి. అదే ఏడాది నీళ్ళు బాగా వేడెక్కడంతో మిగతా పగడాలూ పాలిపోయాయి. ఆ మొండి తెల్లదనం చూసినప్పుడు కలిగిన బాధ నాకు ఇంకా పోలేదు. మనం చేయగలిగింది చిన్నదే గానీ తప్పక చేయాలి. జబ్బు లేని చోట ముందు దిగి, ఉన్న చోట తర్వాత దిగాలి. డైవ్ షాపుల్లో పెట్టే క్రిమిసంహారక నీళ్ళలో సామాను ముంచి ఆరబెట్టాలి. వేరే దీవిలో వాడిన సామానును కడగకుండా తీసుకురాకూడదు. సంరక్షణ బృందాలు నీళ్ళలో చెట్లలాంటి చట్రాలకు పగడపు ముక్కలు వేలాడదీసి పెంచి, దిబ్బ మీద నాటుతున్నాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఒక రోజు శిక్షణ తీసుకుని ఆ పనిలో చెయ్యి వేయవచ్చు. నేనైతే మరో పది సైట్లు చూడటం కన్నా ఆ ఒక్క రోజుకే ఎక్కువ విలువ ఇస్తాను.

డైవింగ్ ప్రమాదాలకు విడిగా బీమా తీసుకోండి, మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు వాటిని కలపదు. దీవి ముఖ్యపట్టణం క్రాలెండైక్‌లోని ఆసుపత్రిలో, డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ ఉంది. ఒళ్ళు నొప్పి, తిమ్మిరి, మామూలుగా లేని అలసట ఉంటే సిగ్గుపడకుండా వెంటనే చెప్పాలి.

వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్ళు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. నిండా ఒక రోజు ఆగితే ఇంకా మంచిది. కాబట్టి చివరి రోజు నేల మీదే గడుస్తుంది. ఉదయం రింకోన్ వెళ్ళి, అక్కడి నుంచి వాషింగ్టన్ స్లాగ్‌బాయ్ పార్కు చూడండి. ఫ్లెమింగోలు, నిలువెత్తు కాక్టస్‌లు, 241 మీటర్ల బ్రాండారిస్ కొండ ఆ పార్కులోనే ఉన్నాయి. మెరైన్ పార్కుకు కట్టిన రుసుముతోనే లోపలికి రానిస్తారు, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. మధ్యాహ్నం దాటాక గేటు దగ్గర ఆపేస్తారు, పొద్దున్నే బయల్దేరండి.